పవడపు తొట్టికి దీపము

మన స్త్రీలు మంగళసూత్రమున నల్లపూసల నడుమ పవడములను గ్రుచ్చుకొనుట చిరకాలమునుండి వచ్చుచున్న యాచారము. ఆ యెఱ్ఱని పూస సముద్రమునందు పుట్టునని యందఱు నెఱుగుదురు గాని, యది చిన్న చిన్న జీవులు కట్టుకొన్న యింటిలోని తునుక యని తలచువారు కొలదిమంది. నగలకు వచ్చు నెఱ్ఱ పవడము మధ్యధరా సముద్రమునందలి గుహలలోను, వెలుతురు సన్నగిల్లిన లోతులలోను పెరుగును. దానికి సూర్యరశ్మితో పనిలేదు. నీటిలో కొట్టుకొనివచ్చు సూక్ష్మాహారమును పట్టి తిని బ్రదుకును. ఉష్ణదేశపు సముద్రములలో లోతులేనిచోట దిబ్బలు కట్టు పవడములు దీనికి దూరపు బంధువులు. వాని సంగతి వేఱు. వానికి వెలుతురే యన్నము.

అట్టి జీవులను ఉప్పునీటి గాజుతొట్టిలో నింట పెంచుట యిటీవల పెక్కు దేశములలో వేడుకయైనది. అమెరికాలో కాపురముండు మన యాడుబిడ్డల యిండ్లలోను, హైదరాబాదు, విశాఖపట్టణముల వంటి మన నగరములలోను ఇట్టి తొట్లు కొన్ని కానవచ్చుచున్నవి. పిల్లలు ముచ్చటపడి యడుగుదురు. తండ్రి సరే యనును. దానిని దినదినమును కనిపెట్టి చూచుభారము మాత్రము తఱచుగా గృహిణిపై పడును. ఆ భారములో నెక్కువ ధనవ్యయమును, నెక్కువ పొరపాట్లును దీపము విషయముననే జరుగును. కొన్ని దీపముల వెల తొట్టి వెలకంటె నెక్కువ. కావున కొలది ధనముతో, జీవికి హానికలుగకుండ, దీపము నెన్నుకొనుట యెట్లో యిచ్చట వ్రాయుచున్నాను.

చెప్పవలసిన ముఖ్యవిషయ మొక్కటియే. ముందు జీవిని నిర్ణయించుకొనవలెను. పిమ్మట తొట్టి లోతును నిర్ణయింపవలెను. దీపమును కడపట కొనవలెను. మనలో పెక్కురు దీనిని తలక్రిందుగా చేసి, అంగడిలో మెఱయుచున్న దీపమును ముందు కొని, దానికి తగిన తొట్టిని, తొట్టికి తగిన జీవులను వెదకుదురు. ధనము వృథాయగుట యచ్చటనే మొదలగును.

చట్టము చెప్పునది

మన దేశమందున్నవారు ముందుగా నొక సంగతి తెలిసికొనవలెను. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము యొక్క మొదటి షెడ్యూలులో 2001 లో రాతిపవడము లన్నియు చేర్పబడినవి. వానితోపాటు నల్ల పవడములు, నిప్పు పవడములు, వేణునాళముల వంటి యెఱ్ఱని గొట్టములు గల పవడము, సముద్రపు విసనకఱ్ఱలు అనునవియు చేరినవి. పులికి గల రక్షణయే వీనికిని గలదు. మన్నారు సింధుశాఖ, కచ్ఛ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులు - మన దేశపు ముఖ్యమైన పవడపు దిబ్బలు ఈ నాలుగుచోట్ల గలవు. అచ్చటినుండి తెచ్చితిమని యెవరైన నమ్మజూపినను కొనరాదు. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన తునుకనైనను ఇంటికి తేరాదు. విదేశములలో నున్నవారు సముద్రమునుండి కోసి తెచ్చిన పవడమును గాక, తొట్లలోనే పెంచి ముక్కలుగా విభజించిన పవడమును మాత్రమే కొనుట ధర్మము.

మన దేశములో నింట పెంచదలచువారికి మిగులునవి ఈ జాబితాలో చేరని మెత్తని జాతులు. పుట్టగొడుగు వలె పఱచుకొని యుండునవి యొక తెగ. తోలు మడతవలె నుండునవి యొక తెగ. గుండీలు గుత్తిగా కుట్టినట్లుండునవి మఱియొక తెగ. ఇవియును జాబితాలో లేవని వర్తకుని నోటిమాట విని యూరకుండక, కొనుటకు ముందు అటవీశాఖవారి వలన జాతిపేరుతో సహా తెలిసికొనుట మేలు. ఇచ్చట నొక సౌకర్యము గలదు. ఈ మెత్తని జాతులకు రాతిపవడములకంటె చాల తక్కువ వెలుతురు చాలును. చట్టము చూపు దారియు, చేతిలోని ధనము చూపు దారియు నొక్కటియే యగుచున్నవి.

వెలుతు రన్నమగు విధము

పవడపు జీవి శరీరములో కంటికి కానరాని నాచుకణములు లక్షలకొలది కాపురముండును. అవి చెట్ల యాకులవలె వెలుతురును త్రాగి, నీటిలోని బొగ్గుపులుసు వాయువుతో చక్కెరవంటి యాహారమును వండును. వండినదానిలో నూటికి 90 వంతులవఱకు నింటి యజమానికే, అనగా పవడమునకే, యిచ్చివేయును. పవడము తన వంతుగా వానికి నీడను, ఎరువును నిచ్చును. ఒకరి వంట, ఒకరి యిల్లు. ఇట్టి పొత్తు కాపురము వీనిది.

వెలుతురు తక్కువైనచో వంట తగ్గును. జీవి రంగు గోధుమవన్నెకు మాఱును; వెలుగుకై కాడసాచి పైకి లేచును; నెలలు గడచినకొలది కృశించును. వెలుతురు మీఱినచో నాచుకణములలో విషతుల్యమైన పదార్థములు పుట్టును. అప్పుడు పవడము తన నాచును బయటికి వెడలగొట్టి తెల్లబడును. వెలుతురుతో నీటి వేడిమియు కలసినచో నీ ప్రమాదము మఱింత త్వరగా వచ్చును. 1998, 2010, 2016 సంవత్సరములలో ప్రపంచమందలి సముద్రములు వేడెక్కినప్పుడు దిబ్బలకు దిబ్బలు తెల్లబడుటకు నిదియే కారణము. తక్కువ వెలుతురు జీవిని నెమ్మదిగా చంపును. ఎక్కువ వెలుతురు వారములలో చంపును. దీపము నెన్నుకొనుటలో రెండు వైపులను జాగ్రత్త వహింపవలసిన కారణమిది.

మన కన్నును, పవడమును

అంగడిలో దీపముపై వాట్లు, ల్యూమెనులు, కెల్వినులు అని మూడు లెక్కలు వ్రాసియుండును. వాటు అనునది దీపము తిను విద్యుత్తు. అది వెలుతురు లెక్క కాదు. ల్యూమెను అనునది మనుష్యుల కంటికి తోచు వెలుతురు. మన కన్ను పచ్చవన్నెను మిక్కిలి చక్కగా చూచును, నీలివన్నెను తక్కువగా చూచును. సముద్రములో జరుగున దింకొక విధము. ఎఱ్ఱని కాంతిని పైనీరే మ్రింగివేయును. నీలికాంతి లోతులకు దిగును. అందుచే పవడములోని నాచు 420 మొదలు 480 నానోమీటరుల వఱకు గల నీలికాంతిని చక్కగా వాడుకొన నేర్చినది. కావున మన కంటికి మసకగా దోచు నీలిదీపము పవడమునకు పుష్కలముగా నుండవచ్చును. గది నంతయు వెలిగించు పసుపుదీపము దానికి చాలకపోవచ్చును. కెల్విను అను లెక్క వెలుతురు రంగును మాత్రము తెలుపును. 6500 అనగా పగటి తెలుపు. 14,000, 20,000 అనగా నీలము హెచ్చినది.

పవడమునకు పనికివచ్చు లెక్క వేఱుగ గలదు. దానిని పార్ అందురు. 400 మొదలు 700 నానోమీటరుల కాంతి, ఒక చదరపు మీటరుపై, ఒక సెకండులో నెన్ని మైక్రోమోలులు పడుచున్నదో యిది తెలుపును. మిట్టమధ్యాహ్నపు టెండ సుమారు 2000. పుట్టగొడుగు పవడములకు 50 ప్రాంతముల నున్నను చాలును. తోలు పవడములకును, గుండీలవంటి వానికిని 60 నుండి 120 వఱకు సరిపోవును. సన్ననికొమ్మల రాతిపవడములకు మాత్రము 200 నుండి 350 వఱకు వలయును. దీపము వెల యాకాశమునంటుట యీ కడపటి తెగవారి కొఱకే. మెత్తని జాతులతో తృప్తిపడు గృహిణి కా వెల పెట్టవలసిన పనిలేదు.

పార్ కొలుచు మీటరు ఖరీదైనది. దానిని కొనకుడు, తొట్లు పెంచువారిలో నెవరియొద్దనైన నుండిన నొకదినము బదులడుగుడు. ఒకసారి కొలిచి, తొట్టిలో నేమూల నెంత పడుచున్నదో కాగితముపై వ్రాసికొన్న చాలును. తెల్లని వెలుతురును కొలుచు లక్సుమీటరు చౌకయే. ఎండవెలుతురైనచో దాని లెక్కను 54 చే భాగించిన పార్ సుమారుగా తెలియును. కాని నీలిదీపమున కీ లెక్క చెల్లదు. సెల్ఫోనులోని కొలతలును నీలికాంతి విషయమున నమ్మదగినవి కావు.

తొట్టి లోతు తగ్గించినచో దీపము వెల తగ్గును

దీపమునుండి దూరమైనకొలది వెలుతురు చెదరి పలుచనగును. అందుచే లోతైన తొట్టికి బలమైన దీపము కావలయును. 60 సెంటిమీటరుల పొడవు, 45 వెడల్పు, 30 లోతు గల తొట్టి 81 లీటరుల నీరు పట్టును. ఇట్టి పలుకతొట్టికి 30 నుండి 50 వాట్ల మంచి ఎల్‌.ఇ.డి. దీప మొక్కటి మెత్తని జాతులకు చాలును. లోతును రెట్టింపు చేసినచో నదియే దీపము అడుగున చాలదు. తొట్టిని చేయించునప్పుడే లోతు తగ్గించి వెడల్పు పెంచుట దీపము వెలను సగము తగ్గించుకొనుటకు మంచి యుపాయము.

కిటికీయొద్ద నుంచినచో సూర్యుడే యూరక వెలుతురిచ్చునుగదా యని యడుగవచ్చును. మనదేశపు టెండ నీటిని కాచివేయును. గాజుపై పచ్చని నాచు పట్టును. మబ్బునాడు లేదు, ఎండనాడు మీఱును. ఊరక వచ్చినదైనను మన యదుపులో లేనిది పనికిరాదు.

మూడు తెగల దీపములు

వెనుక లోహపుటావిరి దీపములు వాడుచుండిరి. వీనినే మెటల్ హాలైడు దీపము లందురు. వెలుతురు దివ్యముగా నుండును, వేడియు నట్లే. తరువాత సన్నని టి5 ట్యూబులైట్లు వచ్చినవి. అవి తొట్టినంతటను సమముగా వెలుతురు పఱచును గాని, యేడాది తిరుగకమునుపే బలము తగ్గును; క్రొత్తవి కొనుచుండవలెను. వానిలో పాదరస ముండుటచే ఐరోపా దేశములు 2023 లో సామాన్యపు ట్యూబులైట్లను అంగళ్లకు రాకుండ నాపినవి. ముందు ముందు అవి దొరకుటయే కష్టము.

ఇప్పుడు వాడుకలో నున్నవి ఎల్‌.ఇ.డి. దీపములు. ప్రకాశవంతమైన నీలి ఎల్‌.ఇ.డి. ని కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురా అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2014 లో భౌతికశాస్త్రపు నోబెలు బహుమాన మొసగబడెను. ఆ నీలికాంతి మన యిండ్ల తెల్లదీపములలోను గలదు. నీలిదీపముపై పసుపుపూత పూయుటచేతనే యది తెల్లగా కనబడును. కనుకనే 6500 కెల్వినుల తెల్లని ఎల్‌.ఇ.డి. ఫ్లడ్డులైటు నొకదానిని, నీలి ఎల్‌.ఇ.డి. పట్టీ నొకదానిని కలిపి వ్రేలాడదీసినను మెత్తని పవడములు పెరుగును. చేతిలో ధనము మఱీ తక్కువైనవారి కిది మంచిదారి. నీలము చేర్చుట జీవికొఱకు సగము, మన ముచ్చటకొఱకు సగము. నీలికాంతి పడినప్పుడు పవడములోని కొన్ని పదార్థములు పచ్చగాను, నారింజవన్నెగాను మెఱయును. పిల్లల కానందము గొలుపున దిదియే.

ప్రత్యేకముగా పవడములకై చేసిన దీపమును కొనువారు నాలుగు గుణములు చూడవలెను. తెలుపును నీలమును వేఱు వేఱుగా తగ్గించి హెచ్చించు మీట లుండవలెను. ఇంత యెత్తున నింత పార్ అని తయారుచేసినవారు పటము నిచ్చియుండవలెను. వెలుతు రొక్కచోట గుమిగూడక వెడల్పుగా పడవలెను. చెడినచో మరమ్మతు చేయువారు దగ్గఱ నుండవలెను. సెల్ఫోనుతో నడపుట, ఉఱుములు మెఱుపులు చూపుట, ఎరుపు ఆకుపచ్చ రంగులు మార్చుట అనువానికి వెల పెట్టకుడు. ఇతరులు వాడిన దీపము కొనుటలో తప్పులేదు. కాని యరగంటసేపు వెలిగించి, ఆరిన గింజలున్నవా, పంకా తిరుగుచున్నదా, ఉప్పు పట్టి త్రుప్పెక్కినదా యని చూచి కొనవలెను.

నెలసరి లెక్క

దీపము వెల యొకసారి యిచ్చునది. విద్యుత్తు నెలనెల యిచ్చునది. దినమునకు 9 గంటలు వెలిగించి, యూనిటు 8 రూపాయలనుకొని లెక్క చూతము. 50 వాట్ల ఎల్‌.ఇ.డి. నెలకు 13.5 యూనిట్లు తినును; 108 రూపాయలు. 24 వాట్ల ట్యూబులు నాలుగైనచో సుమారు 26 యూనిట్లు, 207 రూపాయలు. 250 వాట్ల లోహపుటావిరి దీపము 67.5 యూనిట్లు, 540 రూపాయలు. మొదటిదానికిని కడపటిదానికిని నెలకు 432 రూపాయల భేదము. ఏడాదికి 5,184 రూపాయలు. కావున సగము వెలకే యెవరైన పాత లోహపుటావిరి దీపము నిచ్చినను, అది చౌక కాదు.

ఇంతకంటె ముఖ్యమైనది వేడిమి. పవడములకు నీరు 25, 26 డిగ్రీల వేడిమిలో నుండుట మంచిది. మన వైశాఖ జ్యేష్ఠ మాసములలో గదియే 38 డిగ్రీలు దాటును. నీటిపై పంకా విసరినచో నావిరియగుటచే కొంత చల్లబడును. కాని సముద్రతీరపు టుక్కలో ఆ యుపాయ మంతగా సాగదు. చలువయంత్రము దీపముకంటె వెలగలది. కావున మన ప్రాంతములలో వేడి తక్కువగు దీపము కొని, మిగిలిన ధనమును నీటిని చల్లబఱచుటకై దాచుకొనవలెను. వేసవిలో నీటి నెట్లు చల్లబఱతుమో తేలనిదే తొట్టి తలపెట్టరాదు. చల్లని సీమలలో నున్నవారి కీ చింత తక్కువ.

మెల్లమెల్లగా

మా యింట జరిగిన పొరపా టొకటి చెప్పెదను. పాతదీపము మందగించినదని క్రొత్తది తెచ్చి, మొదటిదినముననే పూర్తి బలముతో వెలిగించితిమి. తొట్టి మిలమిలలాడుట చూచి పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఎనిమిది దినములలో పుట్టగొడుగు పవడములు అయిదింటి యంచులును తెల్లబడి ముడుచుకొనెను. వానిని రాతినీడకు మార్చితిమి. రెండునెలలకు మూడు కోలుకొన్నవి, రెండు పోయినవి. దీపము మంచిదే, తొందరయే చెడ్డది.

కావున క్రొత్తదీపమును మూడవవంతు బలముతో దినమునకు 6 గంటలు మాత్రము మొదలుపెట్టి, వారమునకు కొంచెము చొప్పున నెల, నెలన్నరలో పెంచవలెను. కడపట 8, 9 గంటలు చాలును. రాత్రి చీకటి యుండవలెను; నాచునకును విశ్రాంతి కావలయును. మన చేతితో వేయుట మఱచుట జరుగును కనుక చౌకయైన టైమరు నొకదానిని తగిలింపవలెను. క్రొత్తగా తెచ్చిన జీవిని ముందు అడుగున నుంచి, కొన్నివారముల పిమ్మట పైకి తేవలెను. కాడసాచి వెలుగువైపు లేచుచున్నచో వెలుతురు చాలదనియు, తెల్లబడి ముడుచుకొనుచున్నచో మీఱినదనియు గ్రహింపవలెను.

పిల్లలుగల యిల్లు

ఉప్పునీరును విద్యుత్తును ఒకచోట నుంచుచున్నామని మఱవరాదు. దీపపు తీగ మీటవద్దకు పోవుటకు ముందు క్రిందికి వ్రేలాడి మరల పైకి లేవవలెను. అట్లైనచో తీగవెంట జాఱిన నీటిబొట్టు క్రిందనే పడిపోవును. విద్యుత్తు లీకైనంతనే యాపివేయు ఆర్‌.సి.సి.బి. అను మీట యింట లేనిచో ముందు దానిని పెట్టింపుడు. దీపములో తగ్గించు ఖర్చు దీనిలో తగ్గింపరాదు. తొట్టిలో చేయిపెట్టునప్పుడు తీగ నూడదీయుడు.

గుండీలవంటి పవడములలో కొన్నింట పాలిటాక్సిను అను ఘోరవిష ముండును. వానిని తొడుగులు లేనిచేతితో తాకరాదు. కంటికి అద్దములు పెట్టుకొనవలెను. అవి పట్టియున్న రాతిని వేడినీట కడుగుటగాని కాచుటగాని యెంతమాత్రమును కూడదు; ఆ యావిరియే ప్రాణాపాయకరము. పసిబిడ్డలున్న యింట పుట్టగొడుగు, తోలు పవడములతోనే తృప్తిపడుట మంచిది.

ఇంటి తులసి వాడకుండ చూచుకొను వాడుక మనకు గలదు. పవడమును నట్టిదే, అయితే ఆకలియైనదని నోరెత్తి చెప్పలేదు. దాని యాకలి వెలుతురు. ఎంత కావలయునో ముందు తెలిసికొని, అంతే యిచ్చు గృహిణికి పెద్ద దీపముతో పనిలేదు. చిన్నతొట్టి, పలుచని లోతు, అదుపులోనున్న యొక చిన్నదీపము, నెలన్నర యోర్పు - ఇవి యున్నచో కొలది ధనముతోనే సముద్రపు సొంపు కొంత యింట నిలుచును. ఇవి లేనిచో నెంత వెలగల దీపమైనను తొట్టిని తెల్లనిరాళ్ల గుట్టగా మార్చివేయును.